తిరుగుడు పళ్లెం

నల్లగొండ, పాలమూరు వైపు చాలా ఇండ్లల్లో వంటగది అరలకు కడప బండలే వేస్తారు. బలానికి తిరుగులేదు గానీ లోతెక్కువ. మూలకు పోయిన ధనియాల డబ్బా కావాలంటే ముందున్నవన్నీ దించాల్సిందే. అక్కడ తిరుగుడు పళ్లెం పెడితే ఆ తిప్పలు పోతాయి. వేలితో అట్లా అంటే చాలు, వెనకది ముందుకొస్తుంది.

రెండు రేకులు, నడుమ గాడి, గాడిలో ఉక్కు గుండ్లు. అంతే దాని పనితనం! బరువు సమంగా పడితే చప్పుడు లేకుండా తిరుగుతుంది; నూనె డబ్బా ఒక పక్కకే పెడితే ఒరిగి గీరుకుంటుంది. బరువైనవి నడుమ, పోపు సామాన్లు అంచుకు పెట్టాలి. అంచు లేచి ఉన్నదే కొనాలి, లేకుంటే విసురుకు సీసా జారిపోతుంది.

ఆలోచన పాతదే. చైనాలో వాంగ్ జెన్ 1313 నాటి తన వ్యవసాయ గ్రంథంలో కొయ్య అచ్చు అక్షరాలను గుండ్రటి తిరుగుడు బల్లల మీద సర్దే పద్ధతి రాశాడు. మనిషి కూర్చున్న చోటికే అక్షరాలు వచ్చేవి. కుమ్మరి సారెను చూసిన మన ఊళ్లకు ఇది వింతేమీ కాదు.

నాకు దీని అసలు విలువ ముసలివాళ్ల మంచం పక్కన తెలిసింది. బీపీ గోళీలు, కంటి చుక్కలు, కళ్లద్దాలు ఏది కావాలన్నా అవ్వ వంగకుండా, ఎవరినీ పిలవకుండా తనే తిప్పి తీసుకుంటుంది. దానికి పెద్దది అక్కర్లేదు, అన్నం పళ్లెమంత ఉంటే సరిపోతుంది.