మనోవ్యథ దోషం కాదు: బల్ఖీ గ్రంథ పరిశీలన

అబూ జైద్ అల్-బల్ఖీ (మరణం క్రీ.శ. 934) అరబీ గ్రంథం 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్'. మొదటి భాగం దేహారోగ్యాన్ని, రెండవది మనసు ఆరోగ్యాన్ని వివరిస్తుంది. రెండవ భాగానికి సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ చేసిన ఆంగ్లానువాదం 2013లో వెలువడింది.

కోపం, భయం, దుఃఖం, పదేపదే పీడించే తలంపులు (వస్‌వసా): ఈ నాలుగింటినీ బల్ఖీ విడివిడిగా చర్చించారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, తెలియనిది వేరన్నారు. రెండవదానికి మూలం దేహంలో ఉంటుందనీ, వైద్యం అవసరమనీ సూచించారు. దేహరోగాలు కొందరికి అరుదు కావచ్చు గాని, మనోబాధ తాకని మనిషి లేడని ఆయన అభిప్రాయం.

నేటి యువతకు ఇదెంతో అవసరం. నిద్రపట్టక, చదువు సాగక లోలోన కుమిలిపోయే కుర్రవాణ్ణి 'ఈమాన్ తగ్గింది' అని మందలించే ఇళ్ళున్నాయి. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని కూతురి వ్యాధిని దాచే తల్లిదండ్రులున్నారు. జ్వరానికి లేని సిగ్గు దీనికెందుకు? నమాజు, దుఆ మనసుకు ఊరటనిస్తాయి. అవి వైద్యుణ్ణి వద్దనవు.

అయితే అనువాదంలో ఒక లోపముంది. ఆధునిక 'కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ' బల్ఖీదేనన్న ఉత్సాహం ఉపశీర్షికలోనే కనిపిస్తుంది. పూర్వికుల గొప్పకు మురిసిపోతే రోగికి ఒరిగేదేమీ లేదు. రక్తదోషమే మూలమన్న ఆనాటి సిద్ధాంతం నేడు నిలువదు. నిలిచేది, బాధితుణ్ణి నిందించని ఆ దృష్టి.

ఆ దృష్టి ఇంటింటికీ చేరాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ 'టెలి మానస్' 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. ఈ మాట జుమా ప్రసంగంలో చెబితే మింబర్ గౌరవం తగ్గదు; ఒక ప్రాణం నిలువవచ్చు.