సూర్యయంత్రము: గడ్డి రొట్టెయైన కథ

ఆవు గడ్డి మేసి బ్రతుకును, మనుష్యుడు బ్రతుకలేడు. ఈ భేదమును తొలగించు యంత్రమొకటి దొరకినచో లోకమేమగును? ఉక్రేనియన్ రచయిత వొలొదిమిర్ విన్నిచెంకో (1880–1951) తన ‘సూర్యయంత్రము’ నవలలో వేసిన ప్రశ్న ఇదియే. 1917లో ఉక్రెయిన్ ప్రభుత్వమునకు నాయకత్వము వహించి, పిమ్మట దేశము విడిచిన ఇతడు 1920 దశాబ్దపు తొలి సంవత్సరములలో జర్మనీలో దీనిని వ్రాసెను. 1928లో ఇది ఖార్కివ్ నగరమున వెలువడెను. ఉక్రేనియన్ భాషలోని తొలినాటి విజ్ఞానకల్పనా నవలలలో దీనికి ముఖ్యస్థానము కలదు.

ఇట్టి ఊహకు వెనుక శాస్త్రజ్ఞుల స్వప్నములు కలవు. ఉక్రేనియన్ వైద్యుడు సెర్హీ పొదొలిన్‌స్కీ (1850–1891) 1880లో ప్రకటించిన వ్యాసమున, మానవశ్రమ సూర్యశక్తిని భూమిపై నిలువచేయుననియు, సేద్యమే అందులకు నిదర్శనమనియు వాదించెను. ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త బెర్తెలో 1894 నాటి ప్రసంగములో, క్రీ.శ. 2000 నాటికి ఆహారము పొలములలోగాక రసాయనశాలలలో తయారగునని చెప్పెను. మొదటివాడు శ్రమకు శాస్త్రగౌరవము కల్పించెను. రెండవవాడు సేద్యపుశ్రమయే లేని లోకమును ఊహించెను. ఈ రెండు భావముల పెనుగులాటయే విన్నిచెంకో నవలకు ప్రాణము.

కథ జర్మనీలో జరుగును. రుడాల్ఫ్ స్టోర్ అను శాస్త్రజ్ఞుడు ‘హెలియొనైట్’ అను కల్పితఖనిజపు సాయమున, సూర్యకాంతిచే గడ్డిని రొట్టెగా మార్చును. అందులో మనుష్యుని చెమట కూడ చేరవలెను. యంత్రము వ్యాపించినకొలది కూలికి పోవువారు కరువగుదురు, పనులు నిలిచిపోవును, ధనికుల అధికారము కూలును. పేదవాని ఆకలియే ఆ అధికారమునకు పునాదియని పాఠకునికి తేటపడును.

ఇందు శాస్త్రమెంత? గడ్డిలో విశేషభాగము సెల్యులోజ్. అది గ్లూకోజ్ అణువుల గొలుసు. దానిని త్రెంచు ఎంజైము మన శరీరము తయారు చేయలేదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు చేయగలవు. కావున గడ్డిలో ఆహారము దాగియున్నదను మూలభావము సత్యమే. శక్తి లెక్కయు ఆశ గొల్పును. నడిమధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరుకు సుమారు 1 కిలోవాటు చేరును. మనుష్యునికి దినమునకు వలయు 2,500 కిలోకాలరీలు దాదాపు 3 కిలోవాటు-గంటలకు సమానము. నష్టమే లేకున్నచో చదరపు మీటరుపై మూడుగంటల ఎండ చాలును! కాని పంటమొక్కలు సాధారణముగ ఆ శక్తిలో నూటికి ఒకటి రెండు వంతులకు మించి నిలువచేయలేవు. ఇక చెమట రసాయనము కాదు, సంకేతము: ఎవరి రొట్టె వారే చేసికొనవలెనని దాని భావము.

1918లో ఉక్రేనియన్ విజ్ఞానశాస్త్ర అకాడమీకి ప్రథమాధ్యక్షుడైన వెర్నాద్‌స్కీ, మానవుడు మొక్కలపై ఆధారపడక ఆహారమును సంశ్లేషించుకొనగలడని 1925లో వ్రాసెను. అచ్చట శాస్త్రజ్ఞుని పని ముగియును; నవలాకారుని పని మొదలగును. కడుపు నిండినపిదప మనుష్యుడు ఏల పనిచేయవలెను? కొంతకాలపు సోమరితనము తరువాత జనులు నిర్బంధము లేకయే, సంతోషముకొరకు పనికి మరలుదురని విన్నిచెంకో సమాధానము. నవలలోని లోపమిచ్చటనే యున్నది. పాత నిర్మాణము కూలుటకు కారణములు అడుగడుగున చూపిన రచయిత, క్రొత్తది లేచుటకు తన ఆశనే కారణముగ నిల్పెను.

దీనిప్రక్కన యూరీ స్మోలిచ్ 1920 దశాబ్దము చివర వ్రాసిన ‘డాక్టర్ గల్వనెస్కు క్షేత్రము’ నుంచి చూడవలెను. అందు భూస్వామియైన శాస్త్రజ్ఞుడు మనుష్యులనే యంత్రములవలె పనిచేయు కూలీలుగ మార్చును. ఒకచోట యంత్రము కూలివానిని విడిపించెను. మరియొకచోట కూలివాడే యంత్రమయ్యెను.

విన్నిచెంకో రచనలు 1930 దశాబ్దమున సోవియట్ యూనియన్‌లో నిషేధింపబడి, 1980 దశాబ్దము చివరనే మరల వెలుగుచూచెను. బెర్తెలో చెప్పిన 2000 సంవత్సరము గడచినది; పొలములు ఇంకను పండుచునే యున్నవి. అయినను ఈ నవల పాతబడలేదు. క్రొత్త యంత్రమును గూర్చి వినునపుడు, అది ఎట్లు పనిచేయునని అడుగుట విద్యార్థులకు అలవాటే. అది ఎవరి చేతిలో నుండునని కూడ అడుగవలెనని ఈ తొలినాటి కథలు నేర్పుచున్నవి.