‘బోరు’ మాట: వాల్మీకిపురం ప్రాంత వ్యవహారంలో ఒక ఆంగ్లపదం అర్థపరిణామం

వ్యాససంగ్రహం: ఆంగ్లం నుంచి తెలుగులోకి వచ్చిన ‘బోరు’ను అన్యదేశ్యంగా గుర్తించి, ‘గొట్టపు బావి’ని దానికి సమానార్థకంగా చూపడం పాఠ్యపుస్తక భాషలో పరిపాటి. వాల్మీకిపురం, మదనపల్లె ప్రాంతాల వ్యవహారంలో ఈ పదం ఏయే క్రియలతో కలుస్తున్నదో పరిశీలించి, ఆ సమానార్థకత నిలవదని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

ముఖ్యపదాలు: బోరు, అన్యదేశ్యం, క్రియాసంయోగం, అర్థపరిణామం, వృత్తిపదజాలం.

1. ప్రస్తావన

కొన్నేళ్ల క్రితం ఒక డిగ్రీ విద్యార్థి తన ఊరి సేద్యాన్ని గురించి రాసిన వ్యాసంలో “మా బోరు పోయింది” అనే వాక్యం కనిపించింది. ‘బోరు’ కింద ఎర్రగీత గీసి, పైన ‘గొట్టపు బావి’ అని రాశాను. దిద్దిన తరువాత అది “మా గొట్టపు బావి పోయింది” అయింది. ఆ వాక్యాన్ని ఏ ఊళ్లోనూ ఎవరూ పలకరు. పిల్లవాడు రాసినది తెలుగు, నేను దిద్దినది అనువాదం. ఈ పరిశీలనకు మూలం ఆ దిద్దుబాటే.

క్షేత్రాన్ని గురించి ఒక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు వాల్మీకిపురం చిత్తూరు జిల్లాలోని మండలం. రికార్డులలో వాల్మీకిపురమే అయినా, జనం నోట అది వాయల్పాడు. రాతలో ఒక పేరు, నోట మరొక పేరు ఉన్న ఊరి నుంచి ఇటువంటి పదాన్ని చర్చించడం ఒక విధంగా సముచితమే.

2. రూపం

ఆంగ్లంలో ‘బోర్’ ఒకటి కాదు. తొలుచు అనే అర్థం గల క్రియ ప్రాచీన ఆంగ్లం నాటిది. విసుగు పుట్టించు అనే అర్థం పద్దెనిమిదవ శతాబ్దిలో గాని కనిపించదు. రెండింటికీ సంబంధం ఉన్నదా అనే విషయంలో నిఘంటుకారులకు ఏకాభిప్రాయం లేదు. తెలుగులోకి రెండూ వచ్చాయి, రెండూ ఉకారాంతాలై ‘బోరు’గా స్థిరపడ్డాయి. అప్పటికే తెలుగులో ధ్వన్యనుకరణంగా మరొక ‘బోరు’ ఉన్నది: బోరుమని ఏడ్చు, బోరున విలపించు. మెకానిక్కుల భాషలో ఇంజిను ‘బోరుకు రావడం’, తుపాకీ గొట్టపు కొలతగా ‘పన్నెండు బోరు’ వేరే. వాటిని ఇక్కడ చర్చించడం లేదు.

నీళ్ల బోరు బహువచనంలో పేరు, పేర్లు లాగానే బోర్లు అవుతుంది. ఔపవిభక్తికంలో మాత్రం దాని పుట్టుక బయటపడుతుంది. నీరు నీటిలో అవుతుంది, ఏరు ఏటిలో, నోరు నోటిలో అవుతాయి. బోరు మాత్రం ‘బోటిలో’ కాదు, బోరులోనే. కారు కూడా ఇంతే. వ్యాకరణం ఈ పదాన్ని పరాయిదిగా గుర్తుపట్టే చోటు, నాకు తెలిసినంతలో, ఇదొక్కటే.

3. బోరు కొట్టడం

“సినిమా బోరు కొడుతోంది” అనే వాక్యాన్ని ఆంగ్లానుకరణగా తీసిపారేయడం తేలిక. కాని ఇందులోని ‘కొట్టు’ ఆంగ్లం ఇచ్చినది కాదు. చేపలు కంపు కొడతాయి, ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది. ఒక వస్తువు నుంచి వెలువడి, మన ప్రమేయం లేకుండా మనను తాకే అనుభవాలకు తెలుగు ‘కొట్టు’ను వాడుతుంది. విసుగును కూడా ఆ వరుసలోనే చేర్చింది. ఆంగ్లవాక్యంలో విసుగు చెందిన మనిషి కర్తగా ఉండవచ్చు. తెలుగు వాక్యంలో కర్త సినిమాయే, మనిషి ‘నాకు’ అని షష్ఠిలో పక్కన నిలబడతాడు. అంటే లోపం చూసేవాడిది కాదు, కంపు చేపది అయినట్లే బోరు సినిమాది. ఇది అరువు తెచ్చుకున్న వాక్యనిర్మాణం కాదు.

అయితే పల్లెలో ‘బోరు కొట్టు’కు మరొక అర్థం ఇంకా జీవించే ఉన్నది. వీధి చేతిపంపు బోరు, లేదా బోరింగు. దాని పిడిని ఆడించి నీళ్లు రప్పించడం బోరు కొట్టడం. ఇక్కడి ‘కొట్టు’కు చేసేవాడు కావాలి, కండబలం కావాలి. కనుక “ఆయన బోరు కొడతా ఉండాడు” అనే వాక్యానికి సందర్భం లేకుండా అర్థం చెప్పలేము. ఆయన బిందె నింపుతూ ఉండవచ్చు, ఉపన్యాసం ఇస్తూనూ ఉండవచ్చు. (తరగతిలో ఈ ఉదాహరణ చెప్పిన ప్రతిసారీ విద్యార్థులు నా వైపు చూసే చూపు రెండవ అర్థానిదే.)

4. నీళ్లు పడటం

అసలు విషయం సేద్యపు బోరుది. బావికి తెలుగులో ఉన్న క్రియలు తవ్వు, దిగు, తోడు, పూడు. ఇవన్నీ మనిషి శరీరంతో చేసే పనులు, లేదా కంటికి కనిపించే మార్పులు. బోరును తవ్వరు, వేస్తారు. పందెం వేసినట్లు, విత్తనం వేసినట్లు. వేయడానికి ముందు ‘పాయింటు’ చూపిస్తారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచే మనిషి మొదలు యంత్రం తెచ్చే భూగర్భ నిపుణుడి వరకు ఇద్దరూ చేసేది పాయింటు చూడటమే. రిగ్గు దిగిన తరువాత, దుమ్ము వస్తున్నంత సేపూ గట్టు మీద ఎవరికీ మాట పెగలదు. ఆ తరువాత వినిపించే మాట రెండింటిలో ఒకటి: “నీళ్లు పడినాయి”, లేదా “పడలేదు”.

కింది నుంచి పైకి వచ్చే నీళ్లకు ‘పడు’ అనే క్రియ ఎందుకు వచ్చింది? వలలో చేప పడుతుంది, లాటరీ పడుతుంది, ఖాతాలో జీతం పడుతుంది. ఈ ప్రయోగాలలో ‘పడు’ దిశను చెప్పదు, దక్కడాన్ని చెబుతుంది. ఆ దక్కడం దక్కించుకున్నవాడి చేతిలో లేదని కూడా చెబుతుంది. గ్రానైటు, నీసు రాళ్లు పరచుకున్న ఈ నేలలో నీరు రాతి పగుళ్లలో మాత్రమే ఉంటుంది. పగులు తగిలితే నీళ్లు, పది అడుగులు పక్కకు జరిగితే దుమ్ము. భూగర్భశాస్త్రం చెప్పే ఈ అనిశ్చితిని రైతు ఒక్క క్రియలో పెట్టుకున్నాడు. పడిన నీటిని కొలిచేది లీటర్లలో కాదు, ఇంచులలో. “రెండించుల నీళ్లు” అంటే ఎన్ని మళ్లు పారుతాయో వినేవాడికి లెక్క తెలుసు.

ఇంకొక ప్రయోగం గమనార్హం. చెరువు కింద పొలం, కాలువ కింద పొలం అనే వరుసలో ‘బోరు కింద పొలం’ వచ్చింది. చెరువు కట్ట ఎత్తున ఉంటుంది, పొలం నిజంగానే దాని కింద ఉంటుంది. వెయ్యి అడుగుల లోతు మాట కొత్త కాని ఈ ప్రాంతంలో బోరు నీరు పాతాళంలో ఉంటుంది, టమోటా తోట దాని ‘కింద’ ఉంటుంది. చెరువులు ఆధారమైన కాలపు స్థలభావన, చెరువు ఎండిన తరువాత కూడా, ఈ ‘కింద’లో మిగిలింది.

నీళ్లు రావడం ఆగితే బోరు ‘పోయింది’ అంటారు, మనిషి పోయినట్లు. ‘వట్టిపోయింది’ అనడం మరింత లోతైనది. వట్టిపోవడం పాడి ఆవు లక్షణం. మేత, దాణా అన్నీ పెట్టి పాలు ఆగిపోయిన ఆవును కొట్టంలో చూసిన వాడే ఆ పదాన్ని బోరుకు తెచ్చి ఉంటాడు. పాలమ్మకం మీద పూట గడిచే ఇళ్లలో ఆ పోలిక అలంకారం కాదు, లెక్క.

5. గొట్టపు బావి, బోరుబావి

‘గొట్టపు బావి’ మీద నా అభ్యంతరం అది కృత్రిమం అన్నది కాదు, అది తప్పు అన్నది. నదీతీరపు ఒండ్రు నేలలలో పైనుంచి అడుగు దాకా గొట్టం దించి, జల్లెడ వంటి గొట్టం ద్వారా నీరు తీసుకుంటారు. అది గొట్టపు బావి. గట్టి రాతి నేలలో ‘కేసింగు’ పైనున్న వదులు మట్టి పొర వరకే దిగుతుంది. ఆ కింద ఉండేది రాతిలోని ఉత్త రంధ్రం. గంగా మైదానపు వస్తువు పేరును అనువదించి, రాయలసీమ వస్తువుకు తగిలించాము. స్వచ్ఛత కోసం చేసిన పని శాస్త్రీయతను చెడగొట్టింది.

పత్రికల ‘బోరుబావి’ మిశ్రసమాసం. దాన్ని నేను తప్పు పట్టను, అయితే అది ఎక్కువగా వినిపించేది ఒక్క సందర్భంలో: బోరుబావిలో పడిన చిన్నారి. వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. నీళ్లు పడని బోరులో పిల్లలు పడటం, ఆ రెండు వాక్యాలలోనూ క్రియ ఒకటే కావడం, భాష చేసిన యాదృచ్ఛికం. కొత్త బోర్ల మీద నియంత్రణ తెచ్చిన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కూడా ‘వాల్టా’ అనే ఆంగ్ల సంక్షిప్తరూపంతోనే రైతుకు పరిచయం.

6. నిఘంటువులో చోటు

బ్రౌను 1854లో తెలుగు వాడుకలోని మిశ్రపదాలకు, అన్యదేశ్యాలకు విడిగా ఒక నిఘంటువు ప్రకటించాడు. ఆ విభజన అప్పటి అవసరం. ఈనాడు ‘బోరు’ను ఏ పట్టికలో వేయాలన్నది చిన్న ప్రశ్న. దానితో కలిసే వేయు, పడు, పోవు, వట్టిపోవు అనే క్రియలను ఎవరు నమోదు చేస్తారన్నది పెద్ద ప్రశ్న. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం కపిల, ఏతం వంటి సాధనాల పదజాలాన్ని వాటి చివరి దశలో పట్టుకోగలిగింది. కపిల తోలిన రైతులు అప్పటికింకా ఉన్నారు కనుక అది సాధ్యమైంది.

బోరు పదజాలానికీ అటువంటి కాలపరిమితి ఉన్నది. హంద్రీ–నీవా కాలువ ఈ పశ్చిమ మండలాల వైపు వస్తున్నది. ‘కాలువ కింద’ అనే మాట తిరిగి వినిపించే ఊళ్లలో పాయింటు చూసే మనిషి మాటలు ఎంత కాలం ఉంటాయో చెప్పలేము. రిగ్గు పనివాళ్లు రాతి పొరలకు, దుమ్ము రంగులకు పెట్టుకున్న పేర్లు నా సేకరణలో ఇంకా సగం కూడా కాలేదు. వాటిలో కొన్ని తమిళం, కొన్ని కన్నడం. ఏది ఎక్కడిదో తేల్చడానికి పుంగనూరు, కుప్పం వైపు క్షేత్రపర్యటన మిగిలి ఉన్నది.