ఆబిడ్స్: ఒక అంగడి పేరు

హైదరాబాదు నగరంలోని ఆబిడ్స్ పేటకు ఆ పేరు ఎట్లా వచ్చినదని అడిగితే, అక్కడ నిత్యం తిరిగేవారిలో సైతం పలువురు చెప్పలేరు. అది ఒక అంగడి పేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ (పాలన 1869–1911) కొలువులో ఆంతరంగిక పరిచారకుడుగా ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ ఒక దుకాణం తెరచి సంపన్నులకు విలాసవస్తువులు అమ్మినాడు. ఆయన ఆర్మీనియా జాతీయుడు. అంగడి మూతబడి చాలాకాలమైనది. పేరు మాత్రం పేట అంతటికీ అంటుకొని నిలిచినది.

ఆ పేరులోని చివరి సకారం ఇంగ్లీషు షష్ఠీవిభక్తి చిహ్నం. 'ఆబిద్ వారిది' అని చెప్పవలసిన ప్రత్యయం తెలుగువారి నోట నామంలోనే కరగిపోయినది. ఉర్దూ, హిందీ మాట్లాడేవారికి 'ఆబిద్ రోడ్' అనడం కూడ అలవాటే. అరబ్బీలో ఆ మాటకు ఆరాధకుడని అర్థం గనుక వారి చెవికి అది పరిచితమైన శబ్దం. తెలుగువారికి అర్థంతో పనిలేకపోయినది, దకారం డకారమైనది. హిందీ కథలో ఆబిద్ రోడ్ కనిపిస్తే అనువాదకుడు ఆబిడ్స్ అనే వ్రాయాలి. 'భక్తుని వీధి' అని వ్రాస్తే పాండిత్యం మిగులుతుంది గాని ఊరు మిగలదు.

ఆబిద్‌ను గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. నిజాము ఒకసారి తొడిగిన దుస్తులు మళ్లీ తొడిగేవాడు కాదట. పరిచారకుడు వాటిని తీసుకొనిపోయి, కొంతకాలానికి తిరిగి ఆయనకే అమ్మేవాడట. రెండంతస్తుల దుస్తుల గది పురానీ హవేలీలో నేటికీ ఉన్నది. దానిని చూచినవారికి కథ నిజమనిపించడంలో వింత లేదు. కాని గది దుస్తులకు సాక్ష్యం, దొంగతనానికి కాదు. ఎరుగని రాజు, గడుసు సేవకుడు అనే ఈ జంట బీర్బలు కథలలోనూ, తెనాలి రామకృష్ణుని కథలలోనూ మనకు చిరపరిచితమే. అక్కడ సేవకుని గడుసుదనం చివరకు రాజుకు బుద్ధి చెబుతుంది. ఇక్కడ అది గల్లాపెట్టె దగ్గర ఆగిపోతుంది. ఇటువంటి కథను నగర చరిత్ర వ్రాసేవారు సంశయం లేకుండ ఎత్తి వ్రాసుకొనడం మాత్రం క్షంతవ్యం కాదు.

ఆబిద్ పేరు మరొక పెద్ద వ్యవహారంలోనూ వినిపిస్తుంది. 1891లో సిమ్లా రత్నాల వర్తకుడు అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్ నిజాముకు ఒక గొప్ప వజ్రం అమ్మజూపినాడు. ఆ బేరంలో మధ్యవర్తి ఆబిదే. నిజాము ముందుగా 23 లక్షల రూపాయలు చెల్లించిన పిదప బేరం చెడి, వ్యాజ్యం కలకత్తా హైకోర్టుకెక్కినది. జాకబు నిర్దోషిగా బయటపడినాడు. ఐనా అతని వర్తకం దెబ్బతిన్నది. ఇప్పుడు ఆ వజ్రం భారత ప్రభుత్వానిది. 1995లో కొన్న నిజాం ఆభరణాలలో అదీ ఉన్నది.

జాకబుకు సాహిత్యం ఆశ్రయమిచ్చినది. మారియన్ క్రాఫర్డ్ 1882లోనే 'మిస్టర్ ఐజాక్స్' నవలకు అతనిని నాయకునిగా మలచుకొన్నాడు. 1901లో వెలువడిన కిప్లింగ్ 'కిమ్'లోని లర్గన్ సాహెబు పాత్రకు మూలం కూడ అతడే అంటారు. అతని దుకాణంలోని వింత వస్తువులు, ఆ మసక వెలుతురు నవలలో అట్లే కనిపిస్తాయి. ఆబిద్ దుకాణం లోపల ఎట్లా ఉండేదో చెప్పే నవల ఏదీ ప్రసిద్ధిలో లేదు. ఒకే బేరంలో నిలిచిన ఇద్దరిలో ఒకనికి న్యాయస్థానమూ, నవలాకారులూ దొరికినారు. రెండవవానికి దొరికినది విచారణ లేని అపవాదు, ఒక వీధి.

ఆ వీధి పక్కన ఆదివారాలు పాత పుస్తకాలు పరచి అమ్మడం చిరకాలపు ఆనవాయితీ. ఆ కుప్పలలో వెదకితే 'కిమ్' ప్రతి దొరకడం కష్టం కాదు.