కిజ్జీ రాసిన చీటీ

నల్లవాళ్ల పుస్తకం అనగానే తెలుగు పాఠకుడికి ముందు గుర్తొచ్చేది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్'కి సహవాసి తెలుగు. అది చదివిన రోజుల్లో మేం కుంటా కింటే గురించే మాట్లాడుకున్నాం. గాంబియా నుంచి ఎత్తుకొచ్చిన ముస్లిం కుర్రాడు, 'టోబీ' అనే పేరుని లోలోపల ఎన్నడూ ఒప్పుకోనివాడు. మాకు సొంతవాడనిపించడంలో వింతేముంది? అతని కూతురు కిజ్జీని మాత్రం పట్టించుకోలేదు. ప్రేమించిన నోవా పారిపోవడానికి ఆమె దొంగ పాసు రాసిచ్చింది. అతను దొరికిపోయాడు. యజమాని ఆమెని తల్లిదండ్రుల కళ్లముందే అమ్మేశాడు. చదువూ ప్రేమా ఆజాదీ మూడూ ఆ చీటీలోనే ఉన్నాయి. మేం దెబ్బలు లెక్కపెట్టుకుంటూ చదివేశాం.

ఇలా చదివింది మేమొక్కరమే కాదు. 1937లో జోరా నీల్ హర్‌స్టన్ నవల 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' వచ్చింది. ఫ్లోరిడాలో జేనీ అనే నల్ల స్త్రీ మూడు పెళ్లిళ్ల కథ. మొదటిది అమ్మమ్మ కుదిర్చింది. బానిసగా పుట్టిన ఆ ముసలమ్మకి మనవరాలి భద్రతే ముఖ్యం, ప్రేమ కాదు. అరవై ఎకరాలవాడికి కట్టబెట్టింది. రెండోవాడు ఊరి మేయరు. కొట్లో కూచోబెట్టాడు, జుట్టుకి గుడ్డ కట్టించాడు, నలుగురిలో నోరు విప్పనివ్వలేదు. మూడోవాడు టీ కేక్, కూలీ, వయసులో చిన్నవాడు. ఆమెని పక్కన కూచోబెట్టుకుని చెకర్స్ ఆడాడు. అతనూ ఒకసారి కొట్టాడు. హర్‌స్టన్ అది దాచలేదు.

రిచర్డ్ రైట్ అదే ఏడాది సమీక్ష రాస్తూ, ఇందులో వస్తువూ లేదు సందేశమూ లేదు, తెల్లవాళ్ల సరదాకి రాసిందని తీసిపారేశాడు. నల్లవాడి యాస నాటకశాలల్లో నవ్వులాటగా చెల్లుబాటైన దేశంలో ఆ అనుమానం ఊరికే రాలేదు. మేమూ ఒకప్పుడు రైట్ పక్షమే. ఇప్పుడు కాదు. అమ్మమ్మ భయంలో బానిసత్వం మొత్తం ఉంది కదా, రైట్‌కి కనపడలేదేం? ఇక యాస సంగతి. ఇంటి మాటని కాగితం మీద పెట్టినందుకు 'ఇదేం తెలుగు' అనిపించుకున్న మాకు, ఈటన్‌విల్ అరుగుల మీద వాళ్ల మాటల్లోనే కబుర్లాడే మనుషులు వినోదంలా తోచలేదు. హర్‌స్టన్ 1960లో పేదరికంలో పోయింది. సమాధికి రాయి కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి పెట్టించింది.

జేమ్స్ బాల్డ్విన్ 1974 నవల 'ఇఫ్ బీల్ స్ట్రీట్ కుడ్ టాక్'లో ప్రేమికుల మధ్య జైలు గాజు ఉంటుంది. చెయ్యని నేరానికి లోపలున్న ఫానీకి, తాను తల్లిని కాబోతున్నానని టిష్ ఆ గాజు ఇవతల నుంచే చెప్పాలి.

మమ్మల్ని ఎక్కువ ఇబ్బందిపెట్టింది ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' (1979). కాలప్రయాణం కథలు పిల్లల సరుకని పక్కన పెట్టేవాళ్లు ఇది చదవాలి. 1976లో కాలిఫోర్నియాలో ఉన్న నల్ల రచయిత్రి డేనా, బానిసల కాలపు మేరీలాండ్‌లోకి పదేపదే లాగబడుతుంది. అక్కడ తోట యజమాని కొడుకు రూఫస్ ప్రాణం కాపాడాలి. అతను ఆమె పూర్వీకుడు మరి. రూఫస్ స్వేచ్ఛగా పుట్టిన ఆలిస్‌ని 'ప్రేమిస్తాడు'. ఆమె మొగుడు ఐజాక్ అమ్ముడైపోయాక, ఆమెని కొనుక్కుంటాడు. ఆమె పారిపోబోతే, పిల్లల్ని అమ్మేశానని అబద్ధమాడతాడు. ఆలిస్ ఉరేసుకుంటుంది. ఇంతా చదివాక కూడా రూఫస్‌ని పూర్తిగా అసహ్యించుకోలేకపోయాం. బట్లర్ మీద మా ఫిర్యాదు అదే, మెప్పూ అదే.