డొరొతీ డే వచనం: వార్త, విశ్వాసం, వంటిల్లు

క్రైస్తవ వచనం అనగానే మన తెలుగువారికి స్ఫురించేది ప్రసంగం. గ్రంథంలోని ఒక వాక్యం తీసికొని, దానికి వివరణ చెప్పి, లోకంలో జరిగిన ఒక సంఘటనను దృష్టాంతంగా చూపి, "కావున ప్రియులారా" అని ముగించే ఆ పద్ధతికి ప్రార్థనామందిరంలో తగిన స్థానమున్నది. సాహిత్యంలో అది నిలువదు. అక్కడ లోకవార్త వాక్యానికి ఊడిగం చేయడానికి వచ్చినదే తప్ప తన కాళ్ళమీద తాను నిలబడలేదు. మన క్రైస్తవులు కవిత్వంలో ఈ చిక్కునుండి ఏనాడో బయటపడ్డారు. పురుషోత్తమ చౌధరి (1803-1890) కీర్తనలు పాడేవాడు వాటిని ఉపదేశమని భావించడు. 'గబ్బిలం' (1941)లో ఆకలి దృష్టాంతం కాదు, అదే విషయం. ఆ జాషువ కవియే వ్రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో అకాడమీ పురస్కారం లభించింది. వచనం మాత్రం వెనుకబడింది. ఈ లోటు తలపునకు వచ్చినప్పుడెల్లా నాకు అమెరికా రచయిత్రి డొరొతీ డే జ్ఞాపకం వస్తుంది.

ఆమె 1897లో బ్రూక్లిన్‌లో జన్మించింది. యౌవనంలో సోషలిస్టు పత్రికలలో విలేఖరి. 1926లో కుమార్తె కలిగింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో కాథలిక్ మతం స్వీకరించింది. బిడ్డ తండ్రికి దేవునిమీదా వివాహంమీదా నమ్మకం లేకపోవడంచేత, మతం పుచ్చుకొనడమంటే ఆమెకు ప్రేమించిన మనిషిని వదలుకొనడమే అయింది. పీటర్ మోరిన్ అనే ఫ్రెంచి కర్షకుని ప్రోద్బలంతో 1933 మే 1వ తేదీన న్యూయార్క్‌లోని యూనియన్ స్క్వేర్‌లో 'కాథలిక్ వర్కర్' పత్రికను అమ్మకానికి పెట్టింది. వెల ఒక సెంటు. పత్రికతోపాటే నిరాశ్రయులకు ఇండ్లు వెలిసినవి. 1980 నవంబరు 29న కన్నుమూసే వరకు ఆమె ఆ పత్రికకు వ్రాస్తూనే ఉన్నది. 1946నుండి ఆ శీర్షికకు 'ఆన్ పిల్‌గ్రిమేజ్' అని పేరు. 'యాత్రలో' అనుకోవచ్చును.

ఆ శీర్షికలో ఏమి ఉండును? బొగ్గు నిండుకొన్న సంగతి, రొట్టె అప్పు, తాగివచ్చినవాని గొడవ, సమ్మెచేసే కార్మికుల ఊరికి చేసిన బస్సు ప్రయాణం, అందులోనే నాటి ప్రాతఃకాలప్రార్థనలోని కీర్తన. ఒకదానినుండి ఒకదానికి పోవడానికి ఆమె వంతెన కట్టదు. "ఇందువలన మనం గ్రహించవలసినది" అనే మాట అరుదుగా కనిపిస్తుంది. ఆమె వచనానికి ప్రాణం ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయం.

ఒక్క వ్యాసం చూడండి. అణురహస్యాలు సోవియట్ రష్యాకు చేరవేయడానికి కుట్ర చేశారన్న నేరంమీద జూలియస్, ఎథెల్ రోజెన్‌బర్గ్ దంపతులకు 1953 జూన్ 19న సింగ్‌సింగ్ చెరసాలలో మరణశిక్ష అమలుజరిగింది. వారికి ఇద్దరు చిన్న కుమారులు. దేశమంతా రెండుగా చీలి వాదించుకొంటున్న ఆ ఘట్టంలో ఆమె వ్రాసిన వ్యాసం న్యాయస్థానంలో మొదలుకాదు, వేదవాక్యంతోనూ మొదలుకాదు. సాయంకాలం, కోసిన గడ్డి వాసన, పూలతీగె పరిమళం, కంచె క్రింద పాముతో ఆడుకొనే పిల్లి. శిక్షకు నిర్ణయించిన గడియలో ఆమె కుమార్తె ఇంట మనుమనికి స్నానం చేయిస్తున్నది. మట్టికొట్టుకొనిన ఆ పిల్లవాని కాళ్ళకు సబ్బు రుద్దుతూ, అదే నిమిషంలో తల్లి లేనివారు కాబోతున్న పిల్లలను గురించి ఎథెల్ ఎంత తపిస్తున్నదో అనుకొంటుంది. అంతే. పోలిక చెప్పలేదు, ఉపమానం కట్టలేదు. ఒక నీళ్ళతొట్టి ప్రక్కన ఒక మరణశిక్షను నిలిపి ఊరుకొన్నది. చనిపోయేముందు ఎథెల్ తనవెంట వచ్చిన చెరసాల ఉద్యోగినిని దగ్గరకు తీసికొని ముద్దుపెట్టుకొన్నదన్న వార్తను పత్రికలనుండి తీసికొని, అది ప్రేమ చేసిన చివరి పని అని అంటుంది. కడపట రాజ్యం తీర్చుకొనే ప్రతీకారంలో మనకు పాలు వద్దని ఒక మాట ఉన్నమాట నిజమే. అయినా వ్యాసాన్ని మోస్తున్నది ఆ మాట కాదు, ఆ తొట్టి.

హిరోషిమామీద బాంబు పడిన తరువాత, 1945 సెప్టెంబరు సంచికలో వ్రాసినది ఇంతకంటె కఠోరమైనది. ప్రెసిడెంటు ట్రూమన్ సంతోషం ఆమెకు అసహ్యం పుట్టించింది. దగ్ధమైనవారి ధూళి గాలిలో ఎగిరి, న్యూయార్కులో మన ముఖాలను తాకే పొగమంచులో కూడ తగులుతుందేమో అన్న ఊహ ఆ వ్యాసంలోనిదే. దీనిని అలంకారమనుకొంటే పొరపాటు. విలేఖరి చూపుతోనే ఆమె ఆ ధూళిని చూచింది.

1960లో ప్రకటించిన ఒక లేఖ నాకు వీటన్నిటికంటె ప్రియమైనది. క్రిస్టీ వీధిలోని వారి ఇంటిని నగరపాలకవర్గం భూగర్భ రైలుమార్గంకోసం స్వాధీనం చేసికొని 68,700 డాలర్లు చెల్లించింది. ఆలస్యమైనందుకు వడ్డీ 3,579 డాలర్ల 39 సెంట్లు. డొరొతీ డే అసలు ఉంచుకొని వడ్డీ తిప్పిపంపింది. ప్రాచీన క్రైస్తవధర్మం వడ్డీని నిషేధించిందని, సొమ్ము సొమ్మును కనడం తమకు సమ్మతం కాదని నగర కోశాధికారికి వ్రాసింది. కచేరీకి పెట్టుకొనే అర్జీలాగ ఉంటుంది ఆ లేఖ. సెంట్లతోసహా లెక్క చెబుతుంది. తాము వ్యక్తులను తప్పుపట్టడంలేదని, ఈ వ్యవస్థతో తామూ దినదినం చిన్న చిన్న విషయాలలో రాజీపడుతూనే ఉన్నామని కూడ ఒప్పుకొంటుంది. పంట కళ్ళంలో ఉండగానే వడ్డీకి కొలిచి ఇచ్చిన రైతుల కథలు ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ లేఖకు వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇక అనువాదం. మొదటి అడ్డంకి 'చారిటీ' అన్న మాట. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదమూడవ అధ్యాయంలో పాత ఆంగ్లానువాదం 'చారిటీ' అన్నచోట మన తెలుగు బైబిలు 'ప్రేమ' అన్నది, అది సరియైనదే. కాని డొరొతీ డే ఆ మాటను వాడేటప్పుడు అందులో అన్నం గిన్నె కూడ ఉంటుంది. 'దానం' అంటే ఇచ్చేవాడు పైమెట్టు ఎక్కుతాడు. 'దాతృత్వం' సన్మానపత్రాల మాట. మన వీధిలో యాచకుడు ఏమంటాడు? "ధర్మం చెయ్యండి బాబూ" అంటాడు. అతడు దయ కోరడు, ధర్మం కోరతాడు. ఇవ్వడం నీ విధి అని జ్ఞాపకం చేస్తాడు. రెండు అంగీలున్నవాడు ఒకటి బీదవానికి బాకీపడ్డాడన్న పూర్వ క్రైస్తవాచార్యుల భావం ఆమెకు ప్రాణం. దానికి మన యాచకుని మాటకంటె దగ్గరి మాట నాకు దొరకలేదు. మత పరిభాషకు అలవాటుపడినవారు ఇందుకు అభ్యంతరం చెప్పవచ్చును, చెప్పనివ్వండి.

రెండవది ఆ ఇండ్ల పేరు. 'ఆతిథ్యగృహం' అంటే సర్కారు బంగళా కండ్లకు కడుతుంది. 'సత్రం' మేలు. అయితే సత్రంలో బాటసారి రెండు రాత్రులుండి పోతాడు. ఆమె ఇంటికి వచ్చినవారిలో కొందరు చచ్చేవరకు కదలలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి (1841-1909) అన్నదానం మనకు తలపునకు వస్తుంది, సహజమే. కాని వచ్చినవారితో ఇల్లు పంచుకొన్నప్పటి విసుగు, కంపు, దొంగతనం, తనకు కలిగిన కోపం కూడ డొరొతీ డే దాచక అచ్చువేసింది. 'కరమజోవ్ సోదరులు' నవలలోని జోసిమా సన్న్యాసి ప్రేమను గురించి చెప్పిన మాటను ఆమె మాటిమాటికి తలచుకొనేది ఈ కారణంచేతనే.

దోషాలు లేవా? ఉన్నవి. పునరుక్తి విస్తారం. మహాత్ముల మాటలు గుప్పిస్తుంది. వాక్యం కొన్ని చోట్ల నడుమ చెదరిపోతుంది. ఇవి నెలనెలా ఆత్రుతతో వ్రాసేవారికి తప్పనివి. ఒక దోషం మాత్రం ఇంత తేలిక కాదు. 1942 జనవరిలో, దేశం యుద్ధంలో దిగిన మరుసటి నెలలోనే, తాము శాంతివ్రతం విడువబోమని ఆమె ప్రకటించింది. ఆ మాటవల్ల పాఠకులు తొలగిపోయారు, సహచరులు విడిపోయారు, కొన్ని ఇండ్లు మూతబడ్డవి. ఆ సాహసానికి నమస్కారం. కాని హిట్లరు చేతికి చిక్కినవారి మాట ఏమిటన్న ప్రశ్నకు ఆ సంపాదకీయంలో నిండైన సమాధానం దొరకదు. అన్నం పెట్టడం, బట్ట ఇవ్వడం అనే ఆయుధాలనే అక్కడా చూపుతుంది. వస్తువుల ప్రక్కన వస్తువులను నిలిపి ఊరుకొనే ఆమె పద్ధతి మరణశిక్ష విషయంలో ఎంత బలమో, వాదించి తీరవలసిన ఈ చోట అంత బలహీనం. 1930లలోనే యూదద్వేషాన్ని ఆమె నిరసించినది కనుక ఈ లోపం మరింత కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

తెలుగు చేయదలచినవారు 1952లో వెలువడిన ఆత్మకథ 'ది లాంగ్ లోన్లీనెస్'తో మొదలుపెట్టనక్కరలేదు. శీర్షికలనుండి ఒక పాతిక ఏరి, ఏ మాసం వ్యాసమో ఆ మాసం వార్తను రెండు పంక్తులలో పైన చెబితే చాలును. వాక్యం చెదిరినచోట చెదరనివ్వాలి. కీర్తనకూ రొట్టె అప్పుకూ నడుమ 'కావున' చేర్చరాదు. ఆ నీళ్ళతొట్టి దగ్గర సబ్బును సబ్బనే అనాలి.