యాభై రెండో సెక్షన్ పనితనం

చట్టం రాయడంలోనూ చేయి తిరిగిన పనితనం ఉంటుంది. నమ్మనివాళ్లు 1938 నాటి బీమా చట్టంలో 52వ సెక్షన్ చదవాలి. పరస్పర సహాయం పేరుతో జీవిత బీమా నడిపినవారికి అది వేసిన కట్టడి ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది.

అప్పట్లో కొన్ని సంఘాలది పంపక పద్ధతి. ఏడాదిలో వసూలైన ప్రీమియంలోంచి కొంత తీసి, ఆ ఏడు క్లెయిముకొచ్చిన పాలసీలకు పంచేవారు. ఎవరికెంత వస్తుందో పాలసీ మీద ఉండదు. కొత్త సభ్యులు చేరుతున్నన్నాళ్లు వాటాలు ఘనంగా ఉంటాయి, ఆ ఘనత చూసి ఇంకొందరు వస్తారు. సభ్యుల వయసు ముదిరి మరణాలు పెరిగితే వాటా చిక్కిపోతుంది, వయసులో ఉన్నవాళ్లు తప్పుకుంటారు. ఏళ్ల తరబడి కట్టినవాడి భార్యాబిడ్డలకు నాలుగు డబ్బులే మిగులుతాయి. దీనికి దొంగ కార్యదర్శి అక్కర్లేదు. నిజాయితీగా నడిపినా ఆ లెక్క అక్కడికే చేరుతుంది.

సెక్షన్ రాసినవారు ఏ పథకం పేరూ ఎత్తలేదు, పేరు మార్చి తప్పించుకునే వీలివ్వలేదు. సూత్రాన్నే పట్టుకున్నారు: చేతికొచ్చే మొత్తం ముందే ఖాయం కాకుండా పంపకాన్ని బట్టి మారినా, కట్టాల్సిన ప్రీమియం క్లెయిముల సంఖ్యను బట్టి మారినా, రెండూ నిషిద్ధమే. చావుకింత అని చందా వేసే పద్ధతి కూడా ఆ రెండో మాటతో దొరికిపోయింది.

ఇంత గట్టి వాక్యం న్యాయమైన బోనసునూ తుడిచిపెట్టేదే. అందుకే వెంటనే మినహాయింపు పెట్టారు: నిర్ణీత కాలానికి యాక్చువరీ, అంటే బీమా లెక్కల నిపుణుడు, లెక్క కట్టి, తేలిన మిగులును బోనసుగా ఇస్తే తప్పు లేదు. పాత వ్యాపారాన్ని ఒక్కరోజులో మూయించలేదు, మూడేళ్ల గడువిచ్చారు. ఆ మూడేళ్లూ ఏటా వచ్చే ప్రీమియంలో కనీసం 40 శాతం పంచకుండా, చట్టం కోరిన పెట్టుబడి కోసం నిలిపి ఉంచాలన్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ షరతే. తప్పు పద్ధతిని ఆపడంతో సరిపెట్టక, అప్పటికే అందులో ఉన్నవాళ్ల సొమ్ము గురించీ ఆలోచించారు.

ఈనాటికీ ఉద్యోగ సంఘాల్లో, కుల సంఘాల్లో మరణ సహాయ నిధులు కనిపిస్తాయి. మంచి మనసుతో పెట్టినవే కావచ్చు. చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: నా ఇంటివాళ్లకు వచ్చే మొత్తం కాగితం మీద రాసిస్తారా? ఆ మాట నిలబెట్టుకునేంత నిధి ఉందో లేదో ఎవరు, ఎన్నేళ్లకోసారి లెక్క కడుతున్నారు?